షిర్క్ భావన: తెలుగు అనువాద పదాలు, పీర్ల పండుగ అధ్యయనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇస్లామీయ ధర్మశాస్త్రంలో తౌహీద్‌కు వ్యతిరేక భావన షిర్క్. తెలుగులో దీనిని ఎక్కువగా 'బహుదైవారాధన', 'విగ్రహారాధన' అనే పదాలతో చెబుతున్నారు. ఈ పదాల వల్ల మూలభావన కుంచించుకుపోయి, ముస్లిం సమాజంలో అంతర్గతంగా సాగిన సుదీర్ఘ చర్చ హిందూ ముస్లిం భేదంగా మాత్రమే కనబడుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పీర్ల పండుగ అధ్యయనాలకు దీనివల్ల కలిగే నష్టాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: తౌహీద్, షిర్క్, ఇబాదత్, వసీలా, పీర్ల పండుగ, అనువాదం.

1. ఉపోద్ఘాతం
హైదరాబాదు ఉత్తర శివారులోని కుత్బుల్లాపూర్ పేరులో 'కుత్బ్', 'అల్లాహ్' అనే రెండు అరబ్బీ పదాలున్నాయి. కుత్బ్ అంటే ఇరుసు, ధ్రువం. సూఫీ పరిభాషలో ఒక్కో కాలంలో వలీల శ్రేణికి శిఖరంగా నిలిచే మహనీయుడికి ఇది బిరుదు. ఈ బిరుదును ఆధ్యాత్మిక గౌరవంగా స్వీకరించిన పండితులున్నారు. లోకవ్యవహార నిర్వహణలో కుత్బ్‌కు అధికారముందనే విశ్వాసాన్ని షిర్క్‌గా ఖండించిన పండితులూ ఉన్నారు. ఇరుపక్షాలూ దేవుడొక్కడేనని అంగీకరించినవే. కనుక వారి వివాదం దేవుళ్ల సంఖ్య గురించినది కాదు. షిర్క్‌ను 'బహుదైవారాధన'గా మాత్రమే తెలుసుకున్న పాఠకుడికి ఇటువంటి వివాదం ఎందుకు పుట్టిందో బోధపడదు.

2. పదార్థ విచారణ
షిర్క్ అనే మాటకు మూలధాతువు పాలుపంచుకోవడాన్ని తెలుపుతుంది. ఉర్దూలో భాగస్వామిని 'షరీక్' అంటారు. ధర్మశాస్త్ర పరిభాషలో, దేవుడికి మాత్రమే చెందిన దానిలో ఇతరులకు వాటా కల్పించడమే షిర్క్. ఈ అర్థాన్ని తెలుగు పర్యాయపదాలు వేర్వేరు మేరలలో అందుకుంటాయి. 'విగ్రహారాధన' బాహ్యరూపాన్ని సూచిస్తుంది. 'బహుదైవారాధన' సంఖ్యను సూచిస్తుంది. 'సాటి కల్పించడం' మూలానికి మరింత దగ్గరిది. అయితే సాటి అనగానే సమానత్వం స్ఫురిస్తుంది. వాటాకు సమానత్వం అవసరం లేదు. స్వల్పమైనదైనా అది వాటాయే.

ఖుర్ఆన్‌లోని సందర్భాలు ఈ భేదాన్ని బలపరుస్తాయి. 39వ సూరా 3వ ఆయతులో ప్రస్తావితులైనవారు తమ ఆరాధ్యులను అల్లాహ్‌కు సమానులని అనలేదు. అల్లాహ్ సాన్నిధ్యానికి చేర్చేవారని సమర్థించుకున్నారు. 10వ సూరా 18వ ఆయతులో వారే ఆ ఆరాధ్యులను సిఫారసుదారులన్నారు. 9వ సూరా 31వ ఆయతు మతాచార్యులను ప్రభువులుగా చేసుకోవడాన్ని, 25వ సూరా 43వ ఆయతు మనోవాంఛను దైవంగా చేసుకోవడాన్ని విమర్శిస్తాయి. పరుల మెప్పుకోసం చేసే ఆరాధనను ధర్మశాస్త్రం 'చిన్న షిర్క్'గా పరిగణిస్తుంది. వీటిలో పలుచోట్ల విగ్రహమే లేదు.

జి. ఆర్. హాటింగ్ 1999లో ప్రచురించిన గ్రంథంలో, ఖుర్ఆన్ ముష్రిక్కులని విమర్శించినవారు వాస్తవానికి ఏకేశ్వరవాదులే కావచ్చునని, ఆ విమర్శ ఏకేశ్వరవాదుల మధ్య సాగిన వాదమని ప్రతిపాదించాడు. మక్కా విగ్రహారాధకుల గురించిన ముస్లిం సంప్రదాయ చరిత్రకు ఇది విరుద్ధం కాబట్టి వివాదాస్పదం. ఆ ప్రతిపాదనను అంగీకరించకపోయినా, షిర్క్ విమర్శ దేవుణ్ని ఒప్పుకున్నవారినే ఉద్దేశించగలదన్న అంశం పై ఆయతులలోనే కనిపిస్తుంది.

3. ముస్లిం పండితుల మధ్య వివాదం
ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్ (1703–1792) వాదానికి ఆధారం ఇదే. మక్కావాసులు సృష్టికర్త ఒక్కడేనని ఒప్పుకున్నారు. అయినా ప్రార్థనను, మొక్కుబడిని ఇతరులకు సమర్పించినందున ముష్రిక్కులయ్యారు. సమాధులవద్ద మొరపెట్టుకునేవారి స్థితి కూడా అదేనని ఆయన నిర్ణయం. భారతదేశంలో షా ఇస్మాయిల్ దెహ్లవి (1779–1831) 'తఖ్వియతుల్ ఈమాన్'లో షిర్క్‌ను జ్ఞానం, అధికారం, ఆరాధన, నిత్యాచారం అనే నాలుగు రంగాలలో వివరించాడు. ఈ గ్రంథం ఉర్దూలో వెలువడడంతో చర్చ పండితుల పరిధిని దాటి సామాన్యులకు చేరింది.

ప్రతిపక్షం ఇబాదత్‌ను మరోవిధంగా నిర్వచించింది. ఎదుటివారికి స్వతంత్ర దైవశక్తి ఉందని నమ్మినప్పుడే ఒక క్రియ ఆరాధన అవుతుంది. దేవుడిచ్చిన శక్తితో, దేవుడి అనుమతితో వలీ సాయపడతాడని నమ్మేవాడు వసీలాను ఆశ్రయిస్తున్నాడే తప్ప వాటా కల్పించడంలేదని వారి వాదం. దేవుడి అనుమతితో జరిగే సిఫారసుకు 2వ సూరా 255వ ఆయతు అవకాశమిస్తుంది. ఈ పక్షానికి ప్రముఖ ప్రతినిధి అహ్మద్ రజా ఖాన్ బరేల్వి (1856–1921) దైవేతరులకు గౌరవార్థం చేసే సజ్దాను కూడా హరామ్ అన్నాడు. కానీ దానిని షిర్క్ అనలేదు. నిషిద్ధమైనదంతా షిర్క్ కాదన్న ఈ విభజన చాలా కీలకమైనది. హరామ్‌కు పాల్పడినవాడు పాపి అయిన ముస్లిం. షిర్క్‌కు పాల్పడినవాడి విశ్వాసమే ప్రశ్నార్థకమవుతుంది. 'ఇస్లాంలో ఇది నిషిద్ధం' అనే ఒక్క వాక్యంతో సరిపెట్టే రచన ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని చెరిపివేస్తుంది.

4. పీర్ల పండుగ: అన్వయం
ఈ చర్చకు తెలుగునాట అత్యంత సమీపమైన క్షేత్రం పీర్ల పండుగ. క్రీ.శ. 680 నాటి కర్బలా ఘటనలో ఇమామ్ హుసైన్ బలిదానాన్ని స్మరించే ముహర్రం సంప్రదాయానికి కుతుబ్‌షాహీలు రాజాదరణ కల్పించారు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదులో నిర్మింపజేసిన బాద్‌షాహీ ఆశుర్‌ఖానా అందుకు నిదర్శనం. అక్కడ ప్రతిష్ఠించే అలం షియా సంప్రదాయంలో ధ్వజచిహ్నం. తెలంగాణ పల్లెల్లో ఆ అలమే 'పీరు' అయింది. పీరు అనే పర్షియన్ మాటకు పెద్ద, గురువు అని అర్థం. తెలుగులో మాత్రం స్మరించే వ్యక్తికీ, ఊరేగించే లోహచిహ్నానికీ అదొక్కటే పేరు. 'పీరు లేచింది' అన్నప్పుడు చిహ్నం కదిలిందా, సాన్నిధ్యం పలికిందా అన్న విభజనకు భాషలో చోటు లేదు. షిర్క్ చర్చలో నిర్ణాయకమైన విభజన అదే.

అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన తన గ్రంథంలో అనంతపురం ప్రాంతపు గూగూడు గ్రామంలోని కుళ్లాయప్ప పీరు ఉత్సవాన్ని అధ్యయనం చేశాడు. హిందువులు, ముస్లిములు కలిసి పాటించే నియమాలనూ, తాత్కాలిక ఫకీరు దీక్షనూ వివరిస్తూనే, 'అసలీ ఇస్లాం' పేరిట వచ్చే సంస్కరణ ఒత్తిడిని కూడా ఆయన పరిశీలించాడు. పండుగను మతసమన్వయ చిత్రంగా మాత్రమే చూపకపోవడం ఈ అధ్యయనంలోని బలం. సమన్వయాన్ని మాత్రమే కీర్తించే రచనలు సంస్కర్తల అభ్యంతరాన్ని సంకుచితత్వంగా కొట్టిపారేస్తాయి. సంస్కరణ దృష్టిగల రచనలు భక్తుల ఆచారాన్ని అజ్ఞానంగా తోసిపుచ్చుతాయి. రెండు ధోరణులూ భక్తుడి సంకల్పాన్ని విచారించకుండానే తీర్పు చెబుతాయి.

హజరత్ ఉమర్ నల్లరాతిని ముద్దాడుతూ, అది మేలూ కీడూ చేయలేని రాయేనని స్పష్టం చేసినట్లు హదీసు సంప్రదాయం చెబుతుంది. బాహ్యక్రియ ఒక్కటే షిర్క్ నిర్ణయానికి చాలదనడానికి ఇది ప్రసిద్ధ దృష్టాంతం. సంస్కర్తలు దీనికి ఇచ్చే సమాధానం కూడా గమనార్హం: ఆ క్రియకు ప్రవక్త ఆచరణ ప్రమాణంగా ఉంది, అలం ముందు మొక్కుకు అటువంటి ప్రమాణం లేదు. వివాదం సంకల్పం, ప్రమాణం అనే రెండు అంశాలపై నిలుస్తుంది. పీర్ల కొట్టం వద్ద ఫాతిహా చదివేవాడు ఎవరిని ఉద్దేశించి చదువుతున్నాడు, మొక్కుకున్నవాడు ఫలితాన్ని ఎవరినుంచి ఆశిస్తున్నాడు, పండుగ తరువాత కీడు జరుగుతుందని ఎవరికి భయపడుతున్నాడు అనే ప్రశ్నలు క్షేత్రపరిశోధకుడు వేయవలసినవి. ఒకే ఊరేగింపులో నడిచేవారి సమాధానాలు ఒకే తీరున ఉండనవసరం లేదు.

5. ముగింపు
షిర్క్ అనే పదాన్ని తెలుగు పరిశోధనలో యథాతథంగా ఉంచి, 'దైవత్వంలో వాటా కల్పించడం' అని వివరించడం సముచితం. 'బహుదైవారాధన' అనే పదాన్ని దాని రూపాలలో ఒకదానికే పరిమితం చేయాలి. ముష్రిక్ అనేది ఒక వ్యక్తిని విశ్వాసుల సమాజం నుంచి వెలివేయగల తీర్పు. ఖుర్ఆన్ 4వ సూరా 48వ ఆయతు ప్రకారం షిర్క్ క్షమార్హం కాని పాపం. పశ్చాత్తాపం లేకుండా మరణించినవారి విషయంలో ఇది వర్తిస్తుందని వ్యాఖ్యాతల వివరణ. ఇంత తీవ్రమైన పదాన్ని పీరుకు మొక్కిన తెలుగు ముస్లింకు ఆపాదించేముందు అది ఎవరి నిర్వచనమో, ఏ సంప్రదాయానికి చెందినదో పేర్కొనడం పరిశోధకుడి బాధ్యత. తీర్పు ధర్మశాస్త్ర పండితులది. ఎవరు, ఏ ఆధారంతో ఆ తీర్పు చెప్పారో, భక్తుడు దానికి ఏమని బదులిచ్చాడో నమోదు చేయడం పరిశోధన పని.