తాళం చేరింది, గమకం ఇంకా దారిలోనే

నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020 నవంబరులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు. పెట్టాల్సిన పేరే, కాదనను. అయితే బాలు శాస్త్రీయ సంగీతం ఏ బడిలోనూ నేర్చుకోలేదు, ఆ మాట ఆయనే పదిమందిలో పదేపదే చెప్పుకున్నారు. తండ్రి సాంబమూర్తి హరికథకులు. కొడుకు ఇంజనీరింగు చదవబోయి పాటగాడయ్యాడు. జాతీయ పురస్కారం తెచ్చిపెట్టిన ‘శంకరాభరణం’ పాటల్ని కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గరుండి నేర్పారు. ఆయన పాడారు, ఈయన విన్నారు, తిరిగి పాడారు. ఈ పద్ధతికి సిలబస్ లేదు.

ఇప్పుడు నెల్లూరులో ఇంటరు అయిన పిల్ల ఇంజనీరింగు వద్దు, సంగీతం చదువుతానంటే తల్లిదండ్రులు మునుపటంతగా బెంబేలెత్తడం లేదు. మూడు గంటల ప్రయాణంలో మద్రాసు ఉంది, అక్కడ ఎ.ఆర్. రహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. అది దాటితే బోస్టన్. అక్కడి బర్క్‌లీ సంగీత కళాశాల 1945లో ప్రధానంగా జాజ్ కోసం పుట్టింది. 2011లో అనెట్ ఫిలిప్ అక్కడ విద్యార్థులతో ఒక భారతీయ సంగీత బృందాన్ని మొదలుపెట్టింది. 2014 అక్టోబరులో బోస్టన్ సింఫనీ హాల్లో రహమాన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిన రాత్రి ఆ పిల్లలే ఆయన పాటలు పాడి వాయించారు. 2022లో వాళ్లు తెచ్చిన ‘శురువాత్’ ఆల్బం గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. పేరూ దేశమూ తెలియని పిల్లలు మన రాగాన్ని పట్టుకుని పాడుతుంటే ఎవరికైనా ముచ్చటే. నాకూ ముచ్చటే. కాకపోతే, అక్కడికి చేరిందేమిటి, చేరనిదేమిటి అని అడగాలి.

బాగా చేరింది లెక్క. మృదంగం వాళ్లు నోటితో చెప్పే ‘తకదిమి’, ‘తకిట’, ‘తదిగిణతొం’ ఇవాళ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ వినిపిస్తాయి. అక్కడి సంగీత కళాశాలలో రఫాయెల్ రైనా అనే ఆచార్యుడు కర్ణాటక లయ పద్ధతులను పాశ్చాత్య సంగీత విద్యార్థులకు పాఠంగా పెట్టి, 2015లో దానిమీద పెద్ద పుస్తకమే తెచ్చాడు. ఎందుకింత తేలిగ్గా వెళ్లిందంటే అది కాగితం మీద నిలుస్తుంది. ఆదితాళం ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు, మొత్తం 32. పది మాత్రల ముక్కను మూడుసార్లు వాయించి, నడుమ రెండుచోట్ల ఒక్కో మాత్ర ఆగితే ముప్ఫైకి రెండు కలిసి 32 సరిపోతాయి. తర్వాతి దెబ్బ సరిగ్గా సమం మీద పడుతుంది. దీన్ని ముక్తాయింపు అంటాం. అదే దెబ్బలో నాలుగుకు బదులు అయిదు వేస్తే ఖండగతి, ఏడు వేస్తే మిశ్రగతి, తొమ్మిది వేస్తే సంకీర్ణం. చేత్తో తాళం వేస్తూ నోటితో అంకెలు చెప్పగలిగితే ఏ దేశపు డ్రమ్మరైనా ఒక టర్ములో దీని రుచి పట్టేస్తాడు. పైగా జాజ్ వాళ్లకు లెక్కంటే ప్రాణం. అంత తేలిగ్గా వెళ్లిందని దాన్ని తక్కువచేయడం లేదు. ప్రపంచ సంగీతానికి మనవైపు నుంచి అందిన పెద్ద కానుకల్లో అదొకటి.

చిక్కంతా గమకంతోనే. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. స్వరలిపిలో అది ఒక్క అక్షరం, ‘గ’. పియానో మీద ఒక్క మీట. గొంతులో మాత్రం ఆ గాంధారం ఎక్కడా కుదురుగా నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూనే ఉంటుంది. భైరవిలోనూ పేరుకు అదే సాధారణ గాంధారం, కానీ ఊపు వేరు. ఆ ఊపు తెలియనివాడు రెండు రాగాల్నీ తప్పుల్లేకుండానే పాడి రెంటినీ చంపేస్తాడు. ఊపు ఎంత, ఎక్కడ మొదలు, కిందినుంచి లాగాలా పైనుంచి దిగాలా అన్నది రాతలో చాలామంది ప్రయత్నించారు. రాసింది చూసి నేర్చినవాళ్లను నేనింతవరకు వినలేదు. గురువు ఒక సంగతిని పాతికసార్లు పాడితే శిష్యుడి గొంతులో ఒక రోజు ఉన్నట్టుండి పడుతుంది. పడినట్టు ముందు గురువుకే తెలుస్తుంది.

దీన్ని కళ్లకు కట్టించే వాద్యం నాదస్వరం. నెల్లూరు తీరాన పెళ్లి మేళమైనా, పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుని ఉత్సవమైనా అది లేకుండా కదలదు. కొయ్య గొట్టానికి వేళ్లకు ఏడు రంధ్రాలు, పైన పీక, అంతే. హార్మోనియంలాగా స్వరానికో మెట్టు లేదు. వేలు సగం మూసి, పెదవి బిగువు సడలించి, ఊపిరి తూచి వదిలితేనే స్వరం ఊగుతుంది. మన తీరం వెంబడే ఉత్తరాన, ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఆ పనిలో ఎంతవాడంటే, వేగం తగ్గించి రాగాన్ని పూర్తిగా విప్పే ఓపిక ఆయన వాదనలో వినిపిస్తుంది. ఆంధ్రాలో నేర్చింది చాలదనుకుని తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర శిష్యరికం చేశాడు. శ్రీరంగంలో స్థిరపడి సొంతంగా నాదస్వర విద్యాలయం పెట్టాడు. 1998లో సంగీత కళానిధి వచ్చింది, మరుసటి ఏడే కన్నుమూశాడు. ఊరు మారి, గురువు ఎదురుగా కూర్చుని ఏళ్లు పోశాడు కనక ఆ గమకం ఆయనకు దక్కింది.

అలాగని కళాశాలలో ఇది అసాధ్యమని తేల్చేస్తే అన్యాయం. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లోనే వెలిసింది. తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు అప్పటికి ఇరవయ్యారేళ్లవాడు. ఆ వయొలిన్ మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. మనవాళ్లు వాద్యాన్ని మార్చలేదు, కూర్చునే తీరు మార్చారు. నేలమీద కూర్చుని దాని తలను కుడిపాదం మీద ఆనించారు. దాంతో ఎడమచెయ్యికి వాద్యాన్ని మోసే పని తప్పి, తీగ మీద ఆ చివరినుంచి ఈ చివరికి జారే స్వేచ్ఛ వచ్చింది. జారుగమకం ఆ స్వేచ్ఛలోంచే పుడుతుంది. బోస్టన్లో గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని నిలబడి వాయించే విద్యార్థికి మన రాగం చెప్పాలంటే మొదటి పాఠం చాప పరవడమే కావాలి. ఇది వినడానికి వేళాకోళంగా ఉన్నా పాఠ్యప్రణాళికలో రాయదగ్గ మాటే.

అమెరికాలో గమకం దాకా వెళ్లిన చదువు ఒకటి ఉంది, బర్క్‌లీకి చాలా ముందే. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయం 1960లలో మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్‌ను పిలిపించుకుంది. తర్వాత ఆయన తమ్ముడు, వేణువు విద్వాంసుడు టి. విశ్వనాథన్ కూడా అక్కడే పాఠం చెప్పాడు. వీణ ధనమ్మాళ్ మనవలు వీళ్లు. అక్కడ నేర్చిన జాన్ హిగ్గిన్స్ అనే అమెరికన్ మద్రాసుకు వచ్చి, త్యాగరాజ కీర్తనలు తెలుగులోనే పాడి, భాగవతార్ అనిపించుకున్నాడు. అక్కడ చదువు గది విద్వాంసుడి చుట్టూ తిరిగింది. బర్క్‌లీలో విద్వాంసులు అతిథులుగా వస్తారు, మిగతా పని పాటను పదిమంది వాద్యాలకు పంచడం. పంచడం కూడా విద్యే, అందులో వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ సెమిస్టరంటే నిండా నాలుగు నెలలు ఉండదు. ఆ వ్యవధిలో ఒక తోడి వర్ణం నోటికి రావచ్చు, తోడి రాదు.

అందుకే వెళ్లాలనుకునే మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మాయామాళవగౌళలో సరళీలు మూడు కాలాల్లో, అలంకారాలు, గీతాలు, నాలుగైదు వర్ణాలు ఇక్కడే గొంతులో పోసుకుని వెళ్లండి. అక్కడి ఏర్పాట్లు వాటిమీద బ్రహ్మాండంగా మేడ కడతాయి. పునాది తవ్వే తీరిక వాళ్లకు లేదు.

వెళ్లాక కూడా గురువు తెగిపోనక్కర్లేదు. మన దగ్గర పొద్దున ఆరయితే బోస్టన్లో ముందురోజు రాత్రి ఏడున్నర, ఎండాకాలం ఎనిమిదిన్నర. ఫోన్లో పాఠం జరుగుతుంది. గొంతు అటు చేరడం క్షణంలో కొంత ఆలస్యమవుతుంది కనక ఇద్దరూ కలిసి తాళం వెయ్యలేరు. ఒకరు పాడాక ఒకరు పాడాలి. అది గమకానికి అడ్డం కాదు, మేలే. ఇంకో చిన్న సంగతి, చాలామందికి తెలియక ఇబ్బంది పడుతున్నది. ఇలాంటి పాఠాలకు వాడే వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా మోగే తంబురా శ్రుతిని ఫ్యాను చప్పుడనుకుని అణిచేస్తాయి, దాంతో పాటే గొంతులో సన్నటి ఊపునూ కోసేస్తాయి. సెట్టింగుల్లోకి వెళ్లి ఒరిజినల్ సౌండ్ నొక్కి, ఆ తర్వాత శ్రుతి పెట్టుకోవాలి.