పొడి ఒక చెంచా, నీళ్లు రెండు గ్లాసులు

ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లలో వేశాక ఫోన్ ఎత్తకూడదు. అవతలి మనిషి యోగక్షేమాలు పూర్తయ్యేలోపు గ్లాసులో నీళ్లు పోయి జావ మిగులుతుంది. వెయ్యాలి, తిప్పాలి, గటగటా తాగాలి, వెంటనే ఇంకో గ్లాసు మంచినీళ్లు పొయ్యాలి. ఇందులో ఉన్న విద్యంతా ఇంతే. రాత్రి తిండికి ముందు నేనీ పని చేయబట్టి చాన్నాళ్లయింది. పొట్ట తగ్గుతుందని మొదలుపెట్టాను. పొట్ట పెద్దగా తగ్గింది లేదు గానీ, పొద్దున బాత్రూములో పేపరు మొత్తం చదవాల్సిన అవసరం తీరిపోయింది. అందుకని మానలేదు.

డబ్బాలు అమ్మేవాళ్లు మాత్రం ఆ రెండు పనులూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. జగిత్యాలలో గానీ, కోరుట్ల, సిరిసిల్లల్లో గానీ, పొద్దున నడకకు పోయి వచ్చేవాళ్లను ఆపి బరువు తూచి, పీచు పొడి డబ్బా చేతిలో పెట్టే మనుషులు తయారయ్యారు. మెడికల్ షాపులో దొరికే ఇసబ్‌గోల్‌కే నిమ్మకాయ వాసన, కాస్త రంగు, ఓ ఇంగ్లిషు పేరు తగిలించాక దాని ధర చూస్తే ఆకలి దానంతటదే చస్తుంది.

ఈ పొట్టు ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్ చేలలో పండుతుంది. గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ దీనికి పెట్టింది పేరు. గింజ మీది పొర నీటిని పట్టుకుని జిగురుగా ఉబ్బుతుంది. ఆ జిగురు వల్ల తిన్నది కడుపులోంచి కిందికి మెల్లగా దిగుతుంది, చక్కెర రక్తంలోకి ఒక్కసారే ఎక్కదు. పేగుల్లో అది చాలావరకు అరగకుండానే పోతూ విరేచనాన్ని మెత్తబరుస్తుంది. కొలెస్ట్రాల్‌నూ కొంత దించుతుంది. ఇసబ్‌గోల్‌లోని కరిగే పీచు రోజుకు 7 గ్రాములు తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని డబ్బా మీద రాసుకోవడానికి అమెరికా 1998లోనే అనుమతించింది.

బరువు దగ్గరకొచ్చేసరికే శాస్త్రం గొంతు తగ్గిస్తుంది. 2001లో అమెరికా పరిశోధకులు కొందరు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. రోజుకు 14 గ్రాముల పీచు అదనంగా తిన్నవాళ్లు కేలరీలు పది శాతం తక్కువ తిన్నారని, నాలుగు నెలల లోపు సగటున 1.9 కిలోలు తగ్గారని తేలింది. 14 గ్రాములంటే నేను వేసుకునే చెంచా పొడికి మూడింతల పైమాటే. అదే ఏడాది గ్వార్ గమ్ మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన ఇంకో ఇద్దరు, బరువు తగ్గడానికి అది పనికిరాదని తేల్చేశారు. గ్వార్ గమ్ అంటే ఎక్కడి సరుకో అనుకోకండి. మనం కూర వండుకునే గోకరకాయ గింజల్లోంచి తీసే జిగురే. కొంజాక్ దుంప నుంచి వచ్చే గ్లూకోమన్నాన్ బరువు తగ్గిస్తుందని చెప్పుకోవడానికి యూరప్ 2012లో ఒప్పుకుంది గానీ షరతులు పెట్టింది. రోజుకు 3 గ్రాములు, మూడు విడతలుగా, తిండికి ముందు, ఒకటి రెండు గ్లాసుల నీళ్లతో, అదీ తక్కువ కేలరీలు తింటున్నవాళ్లకు. ఎట్లాగూ తక్కువ తినగలిగేవాడు పొడి కొనడం దేనికి అన్న చిలిపి ప్రశ్న నన్ను వదలదు.

ఈ పొడుల సంగతి చెప్తే మా ఇంట్లో పెద్దవాళ్లు నవ్వుతారు. మక్క గట్క, జొన్న గట్క, సల్ల పోసిన అంబలి తిని పెరిగిన తరం అది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో వంద గ్రాముల మక్కల్లో 12 గ్రాముల పీచు ఉంది, జొన్నల్లో 10 గ్రాములుంది. పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు కాలువలు పారాక మా చెల్కలు వరి మడులయ్యాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పొలాస పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలను ఇచ్చింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లోనూ సన్నబియ్యమే.

అయినా గట్కకు తిరిగిపొమ్మని బోధించే వ్యాసాలు నాకు పడవు. మావాళ్లు గట్క తిన్నది ఆరోగ్యం కోసం కాదు, వేరే గతిలేక. పండుగనాడే వరి అన్నం చూసిన మా అమ్మకు రోజూ తెల్లన్నం తినడం ఓ గెలుపు. ఆ పళ్లెం ముందు కూర్చున్న మనిషికి పీచు లెక్కలు చెప్పే నోరు నాకు లేదు. ఆకలి ఎట్లా తీరుతుందా అని ఆమె సగం జీవితం చూసింది. దాన్ని ఎట్లా చంపాలా అని నేను డబ్బులు పెడుతున్నాను.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ పట్టేది యూరప్ పెట్టిన ఆ నీళ్ల షరతు. 1990 ప్రాంతంలో అమెరికాలో బరువు తగ్గుతామని గ్వార్ గమ్ గోలీలు మింగినవాళ్లలో కొందరికి అవి గొంతు కింద అన్నవాహికలోనే ఉబ్బి ఇరుక్కున్నాయి. ఆ సరుకును మార్కెట్ నుంచి తీసేయించాల్సి వచ్చింది. ఉబ్బే గుణమే దాని బలం. నీళ్లు చాలకపోతే అదే గండం. పేగుల్లోనూ అంతే. సరిపడా నీళ్లు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం ఇంకా బిగుస్తుంది.

నీళ్లు తాగడం మా వైపు అందరికీ చేతిలో ఉన్న పని కాదు. కోరుట్లలో మా అక్క బీడీలు చేస్తుంది. మోకాళ్లు నొస్తున్నాయని దవాఖానకు పోతే బరువు తగ్గమన్నారు. వాడకట్టులో ఎవరో డబ్బా అంటగట్టారు. చెంచా పొడికి రెండు గ్లాసులు తాగాలె అని నేను చెప్పబోతే అక్క చాట మీది నుంచి తల ఎత్తకుండానే అన్నది:

"నీళ్లు తాగితే లేవాలె తమ్మీ. లేస్తే ఆకు ఆరిపోతది. వెయ్యి బీడీలు ఎప్పుడు ఒడవాలె?"

తునికాకు తడి మీదున్నప్పుడే చుట్టుకు వంగుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్క. పొద్దటి నుంచి మాపటి దాకా ఒకే మడత మీద కూర్చునే మనిషి నీళ్లు తగ్గించుకుంటుంది, చాయ్‌తో నెట్టుకొస్తుంది, చాట పక్కన పెట్టాక రెండు పూటల అన్నం ఒక్క పూటే తింటుంది. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లదీ ఇదే వరస. పన్నెండు గంటల షిఫ్టు, ఒక్కో మనిషి చేతికింద అన్నేసి సాంచాలు, దారం ఎప్పుడు తెగుతుందో అని కళ్లన్నీ వాటి మీదే. డబ్బా వెనక 'భోజనానికి అరగంట ముందు' అని అచ్చు వేసినవాడు, భోజనానికో వేళ ఉన్న మనిషిని ఊహించుకుని వేశాడు. మా అక్కకు లేనిదే ఆ వేళ. అంత ఆలస్యంగా, అంత ఆకలి మీద తినేవాళ్ల ముందు చెంచా పొడి ఏం ఆగుతుంది?

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా బావది ఇంకో కథ. క్యాంపులో తెల్లవారుజామునే వండిపెట్టుకున్న అన్నం మధ్యాహ్నం ఎండలో తింటాడు. షుగర్ తెచ్చుకున్నాడు. అక్క దగ్గరున్న ఆ డబ్బా నేను తాగుతానన్నాడు. షుగర్ గోలీలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచమని, చక్కెర ఇంకా దిగే అవకాశముంది కాబట్టి ముందు డాక్టరుకు చెప్పమని అన్నాను. డాక్టరు మాట వినగానే ఆయన డబ్బా కింద పెట్టేశాడు.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నా చెంచా పొడితో వచ్చేది నాలుగు గ్రాములు. యాభై గ్రాముల పెసర్లు గుడాలు చేసుకుంటే ఎనిమిది, పైగా అవి ఉడికేటప్పుడే నీళ్లు తాగి వస్తాయి, నమలడానికి టైం పడుతుంది. ఈ మాట అక్కకు చెప్పాను. చేతులకు తంబాకు ఉంటది, గుడాలు తినాలన్నా కడుక్కోను లేవాలె గదా అన్నది. అదీ నిజమే. చివరికి బీడీలు కంపెనీలో ఇచ్చొచ్చాక, అన్నానికి ముందు ఓ గిన్నెడు గుడాలు తింటోంది. అన్నం ఒక మారు తగ్గిందట. మోకాళ్ల సంగతి ఇంకా చెప్పలేదు. డబ్బా మాత్రం వాళ్ల అత్తకు చేరింది. ఆమె పొద్దుగాల అరుగు మీద కూర్చుని, పొడి కలుపుకుని, మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగి, చల్లగా లేస్తుంది. ఆమెను తొందర పెట్టేవాళ్లు లేరు. ఆ పొడి వల్ల మేలు జరిగిందని ఆ ఇంట్లో చెప్పేది ఆమె ఒక్కతే, అదీ బరువు గురించి కాదు.