పండుగప్ప ఆకలి

మామిడి తోట ఉన్నవాడికి ఒక అలవాటు ఉంటుంది. పూత మీద ఉన్నన్నాళ్లు తేనెమంచు పురుగు మందు కోసం పరుగులు తీస్తాడు, కాయ నిలబడేదాకా నిద్రపోడు. కాపు దించేశాక మాత్రం గేటుకు తాళం వేసి పెళ్లిళ్లకు, తీర్థాలకు బయల్దేరతాడు. చెట్టు ఏమీ అనుకోదు. నూజివీడు చుట్టూ చిన్నరసాల తోటల్లో పెరిగిన మాకందరికీ ఈ తీరిక ఒంట్లో ఉంది. అందుకే తోట అమ్మేసి కైకలూరు వైపు చేపల చెరువు లీజుకు తీసుకుంటాం అనేవాళ్లను చూస్తే నాకు గుబులు పుడుతుంది. అందులోనూ ఇప్పుడు వాళ్ల నోట వినబడేది శీలావతి, బొచ్చె కాదు. పండుగప్ప.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు, కైకలూరు రెండూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. కాగితం మీద దగ్గరయ్యాం గానీ నేలలు వేరు. మా ఎర్రనేల మీద పడ్డ వాన ఆగకుండా తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు పట్టుకుని కొల్లేట్లో దిగుతుంది. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. ఆ ఉప్పుటేరు దారినే ఎదురెక్కి పండుగప్ప పూర్వం నుంచీ కొల్లేటికి వచ్చేది. ఇది గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో, పెరగడానికి మంచినీరైనా సరే. చెరువు రైతుకు ఇదొక వరం. చిక్కు కూడా ఇక్కడే ఉంది: మన చెరువుల్లో ఎంత బలిసినా ఇది పిల్ల పెట్టదు.

కాబట్టి పిల్ల హేచరీ నుంచి రావాలి. థాయ్‌లాండ్ వాళ్లు 1970ల్లోనే తొట్లలో గుడ్లు పెట్టించారు. మన దేశంలో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ, అందరూ సీబా అనేది, 1997లో సాధించింది. తర్వాత సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ఆధ్వర్యంలోని రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడులోని శీర్గాళి దగ్గర హేచరీ నడిపింది. తల్లి చేపల్ని సిద్ధం చేయడం కూడా చిత్రమైన పనే. పండుగప్పల్లో చాలావరకు మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవవుతాయి. బాగా పెద్దదయ్యేదాకా మేపితే గానీ గుడ్లిచ్చే తల్లి దొరకదు.

గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక రోజులోపే పగులుతుంది. మూడో రోజుకు నోరు తెరుచుకుంటుంది, ఆ నోటికి పట్టే మేత మన కంటికి సరిగా ఆనదు. రోటిఫర్ అనే సూక్ష్మజీవిని వేరే తొట్లలో పెంచి, తెచ్చి పోయాలి. కొన్నాళ్లకు ఆర్టీమియా పిల్లలు. నెల కావస్తుండగా మెల్లగా పొడి మేత అలవాటు చేయాలి. ప్రాణం ఉన్నదాన్ని, కదిలేదాన్ని వేటాడి తినడమే తెలిసిన పిల్లకు కదలని గుళికను చూపించి ‘ఇదీ తిండే’ అని నమ్మించాలి. ఒకే వేళకు, ఒకే చోట, కొంచెం కొంచెంగా. ఈ పెంపకంలో అసలు విద్య ఇదేనని నా అభిప్రాయం. మిగతాదంతా డబ్బుంటే అయ్యే పని.

నమ్మని పిల్ల ఏం చేస్తుందో హాపాలో చూశాను. హాపా అంటే చెరువులోనే నాలుగు కర్రలకు కట్టిన సన్నకన్ను వల తొట్టి. అందులో చిటికెన వేలంత పిల్ల ఒకటి పక్కకు ఒరిగి తేలుతోంది. దాని నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి ఉంది. మింగలేక, కక్కలేక రెండూ చచ్చాయి. పండుగప్ప తన పొడవులో మూడింట రెండు వంతులున్న తోటి చేపను మింగడానికి వెనకాడదు. అందుకే మొదటి నెలల్లో నాలుగైదు రోజులకోసారి పిల్లలన్నిటినీ ఎత్తి, పెద్దవి పెద్దవిగా, చిన్నవి చిన్నవిగా విడదీయాలి. మా యార్డుల్లో రసాలను గ్రేడు చేసినట్టే. కాకపోతే మామిడిలో గ్రేడు తప్పితే పెట్టె ధర తగ్గుతుంది, ఇక్కడ తెల్లారేసరికి పెట్టెలో సరుకే తగ్గుతుంది. సాటి చేప కడుపులోకి పోయిన పిల్ల తేలదు కాబట్టి లెక్క కూడా తెలియదు. ‘సీడ్ వాడు తక్కువ పోశాడు’ అని రైతు తిట్టుకుంటాడు. పోసింది సరిగ్గానే పోసి ఉంటాడు పాపం.

కొల్లేటి సీమ రైతులకు మేత వేయడం రాదని కాదు. బస్తాకు రంధ్రాలు పొడిచి, తవుడూ చెక్కా కలిపి నింపి, చెరువులో పాతిన కర్రలకు వేలాడదీసే పద్ధతి వాళ్లు కనిపెట్టుకున్నదే. బొచ్చె, శీలావతి వచ్చి ఆ కంతల్లోంచి పీల్చుకుంటాయి. బస్తా చూసి తిన్నది లేనిది చెప్పేస్తారు. అంత చవకైన, అంత తెలివైన మేత పళ్లెం ఇంకోటి నేను చూడలేదు. పండుగప్ప దగ్గర ఆ తెలివి పనికిరాదు.

మా మేనమామ కొడుకు చెరువులో మేత పూట గట్టు మీద నిలబడ్డాను. పనివాడు పడవ అంచు మీద బేసినుతో రెండుసార్లు కొట్టాడు. నీళ్ల కింద నీడలు మెదిలాయి. దోసెడు గుళికలు విసిరాడు. ‘టప్’, ‘టప్’ మని చప్పుడు, చేప నోరు తెరిచి మూసిన చప్పుడది. మళ్లీ దోసెడు. చప్పుడు పలచబడేసరికి చెయ్యి ఆపేశాడు, బేసినులో ఇంకా సగం ఉంది. “అదేంటి, మిగిల్చేశాడు?” అన్నాను. “అడుక్కి పడితే ఇది ముట్టదు బావా. పడ్డదంతా కుళ్లి నీళ్లు పాడుచేస్తది. బస్తా కట్టేసి టీకెళ్లే చేప కాదిది” అన్నాడు మామ కొడుకు.

అతనే ఇదివరకు జిలేబీ చేపను మేపేవాడు. ఇప్పటికీ చాలామంది అదే చేస్తారు. జిలేబీ చెరువులో తనంతట తనే పుట్టి పెరుగుతుంది, బొచ్చె, శీలావతి రైతుకు కలుపు, పండుగప్పకు విందు. తక్కువ పిల్ల వేసుకున్నవాడికి ఈ పద్ధతి బానే ఉంటుంది, నేను తప్పుపట్టను. చిక్కల్లా చెరువు నిండా పండుగప్ప వేసి, చాలక బయటి నుంచి పచ్చి చేప తెచ్చి పోసేవాళ్లతో. కిలో పండుగప్ప రావడానికి ఆరేడు కిలోల పచ్చి చేప పోతుంది. నీళ్లు నలుపెక్కుతాయి, జబ్బులు దిగుతాయి. గుళిక మేతయితే కిలోన్నర నుంచి రెండు కిలోలు.

గుళికలో చేప లేదా అంటే ఉంది. కవళ్ల లాంటి చిన్న చేపలను ఎండబెట్టి ఆడిన పిండే దాని బలం, కిలో పిండికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. మేతలో పావు వంతు ఆ పిండి అనుకుంటే, కిలో పండుగప్పకు ఇంచుమించు రెండు కిలోల సముద్రపు చేప లెక్కకొస్తుంది. ఆరేడు కన్నా నయమే గానీ, చేతులు కడుక్కునేంత నయం కాదు. నార్వే వాళ్ల సాల్మన్ మేతలో 1990లో 65 శాతం చేపపిండి ఉండేది, 2013 నాటికి 18 శాతానికి దించారు, సోయా లాంటివి పెట్టి. తవుడూ, వేరుశనగ చెక్కా ఇంతగా ఉన్న మన సీమకు ఆ దారి పట్టడం అసాధ్యమేమీ కాదు.

మత్స్యశాఖ వారికి ఒక విన్నపం. ఎక్కడో తమిళనాడు తీరం నుంచి వేలెడంత కూడా లేని పిల్లను ఆక్సిజన్ సంచుల్లో తెచ్చి నేరుగా చెరువులో వదలమని రైతుకు చెప్పకండి. కైకలూరు పరిసరాల్లోనే నర్సరీలు పెట్టి, గ్రేడు చేసి, గుళికకు అలవాటు పడ్డ పిల్లను ఇప్పించండి. ఖర్చు ఎక్కువైనా రైతు కొంటాడు.

ఇక చెరువు మోజులో ఉన్న మా మామిడి వాళ్లకు. లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు పిల్ల అమ్మేవాణ్ణి రెండే అడగండి: ఇది గుళిక తింటోందా, చివరిసారి విడదీసింది ఎప్పుడు? మీ ఎదురుగా ఒక పూట మేత వేయించి చూడండి. చూపించడానికి నసిగితే ఆ పిల్ల కొనకండి.