పల్లకీ మోసినవాళ్లు

బోరబండలో మా వీధి గేట్లు తెల్లవారుజామున నాలుగున్నరకే చప్పుడు చేస్తాయి. లైట్‌మ్యాన్లు, కాస్ట్యూమ్స్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్ వైపు బయల్దేరతారు. ఆ చప్పుడుకే లేచి నేను రాసుకోవడానికి కూర్చుంటాను. కొన్నేళ్లుగా నేను రాస్తున్నవి సినిమా సన్నివేశాల మీద కవితలు.

సినిమా పాట వేరు. దర్శకుడు సందర్భం చెబుతాడు. బాణీ ముందైనా, వెనకైనా, ఇంకా తీయని దృశ్యాన్ని కవి మనసులో చూసి రాస్తాడు. 1986లో ‘సిరివెన్నెల’లోని చూపులేని వేణుగాన విద్వాంసుడి కోసం సీతారామశాస్త్రి అలా రాసిన పాటలతోనే ఆ సినిమా పేరు ఆయన ఇంటిపేరైంది. నాది ఎదురుదారి. దృశ్యం అయిపోయింది, నటులు ఏడ్చేశారు, పాట పాడేశారు. ఇక నాకు మిగిలిందేమిటి?

‘మల్లీశ్వరి’ దగ్గర నాకు జవాబు దొరికింది. బి.ఎన్.రెడ్డి సినిమా, 1951. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలను, వానకు తలదాచుకున్న మండపంలో నాగరాజు సరదాకి అడుగుతాడు, తను ప్రేమించిన మల్లికి పల్లకీ పంపమని. నాగరాజు ఊళ్లో లేనప్పుడు ఆ పల్లకీ నిజంగానే వచ్చి మల్లిని తీసుకుపోతుంది. ఆ ఘట్టం మీద ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ మల్లిగా వేసిన భానుమతి కళ్లే, ఆరుసార్లూ విరహమే. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటల్లో పండిన దుఃఖాన్ని నేను పలచన చేస్తున్నాను. అన్నీ చింపేశాను.

ఏడోసారి టీవీ శబ్దం ఆపి చూశాను. అప్పుడు ఆనారు నా కంటికి బోయీలు. వాళ్లకు పాట లేదు. ఆ పిల్ల బరువెంతో వాళ్ల భుజాలకు తెలుసు. ఆమె మనసులో ఏముందో వాళ్లకెవరూ చెప్పలేదు. కవిత అక్కడ మొదలైంది.

మా పక్కింటావిడ ఇరవై ఏళ్లుగా గుంపు సీన్లలో చేస్తోంది. ఎన్ని సినిమా పెళ్లిళ్లకు అక్షింతలు వేసిందో! ఆమెకు ఆ కవిత చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మాక్కూడ కథ చెప్పరన్నా. ఇటు చూడు, అటు నడువు అంటరు, అంతే” అంది. ఆ మాటను అలాగే చివరి పాదంగా పెట్టాను. అంతకంటే మంచి ముగింపు నాకు తట్టదు.

కవితలోంచి నాగరాజు, మల్లి అన్న పేర్లు తీసేశాను. సినిమా చూడనివాళ్లకూ అందకపోతే అది కవిత కాదు, కథ గుర్తుచేయడమే.

ఈ ఆదివారం మీకిష్టమైన సినిమా పెట్టుకోండి. శబ్దం ఆపండి. హీరో మీంచి కళ్లు తిప్పి, ఫ్రేమ్ అంచున నిలబడ్డ మనిషిని చూడండి. ఆ మనిషి మీద నాలుగు పాదాలు రాసి నాకు పంపండి.