హెచ్చరికలో లేని మనిషి: బీడీ కట్టపై బొమ్మ వివాదం - సందేశ చట్రాల పరిశీలన

ఒక విషయంలోని కొన్ని అంశాలను ఎంచి, వాటికి ప్రాధాన్యం కల్పించి, తద్వారా సమస్య ఏమిటో, దానికి కారణమేమిటో, దాన్ని నైతికంగా ఎలా చూడాలో, పరిష్కారమేమిటో సూచించడమే చట్రీకరణ అని రాబర్ట్ ఎంట్‌మన్ 1993లో వివరించాడు. ఎంచడమంటే విడిచిపెట్టడం కూడా. పొగాకు ఉత్పత్తులపై 85 శాతం బొమ్మ హెచ్చరిక వివాదంలో పరస్పరం తలపడిన రెండు చట్రాలూ విడిచిపెట్టింది ఒకే మనిషిని.

వివాద క్రమం తెలిసిందే. హెచ్చరిక పరిమాణాన్ని 85 శాతానికి పెంచుతూ కేంద్రం 2014 అక్టోబరులో నియమాలు ప్రకటించింది. 2015 ఏప్రిల్‌లో అమలు కావలసినవి పార్లమెంటరీ సంఘం అభ్యంతరంతో వాయిదాపడి, 2016 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. వాటిని 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టివేయగా, పౌరుల ఆరోగ్యానికే ప్రాధాన్యమంటూ మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

ఆరోగ్య పక్షం సందేశాన్ని వాక్యంగా చదవాలి. ‘పొగాకు క్యాన్సర్‌కు కారణం’ అన్న వాక్యంలో కర్త పొగాకు. ఆ వ్యాధికి లోనయ్యేవాడు వాక్యంలో కనిపించడు గాని, పక్కనున్న బొమ్మ అతణ్ణి చూపిస్తుంది: అతడు వినియోగదారుడు. పొగాకును ఆకులో చుట్టిన చేతికి వాక్యంలోనూ చోటు లేదు, బొమ్మలోనూ లేదు. తాగేవాణ్ణి ఉద్దేశించిన హెచ్చరికగా ఇది సబబే. విధాన చర్చలో సైతం ఇదే వాక్యం సమస్యకు పూర్తి నిర్వచనమై కూర్చోవడంతోనే చిక్కు వచ్చింది.

ఆ ఖాళీలోకి పరిశ్రమ ప్రవేశించింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంటి ముంగిట కూర్చుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే స్త్రీలే దాని వాదానికి ముఖచిత్రమయ్యారు. బొమ్మ పెద్దదైతే వీరి కూడు పోతుందన్నది సందేశం. ఇది అబద్ధం కాదు. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఇంట్లో గిరాకీ తగ్గితే పొయ్యి మీద ప్రభావం పడుతుంది. అయితే ఈ చట్రం కార్మికురాలి చేతులను మాత్రమే చూపిస్తుంది. పొడి తంబాకు శ్వాస ద్వారా, చర్మం ద్వారా ఆమె ఒంట్లోకే చేరుతుందన్న సంగతిని దాచిపెడుతుంది. ఆమె పేరు మీద మాట్లాడుతూనే ఆమె దేహాన్ని చర్చలోంచి తొలగించడం ఈ సందేశంలోని అసలు నేర్పు. దాన్ని ఆరోగ్యవాదులు గుర్తించి ఉండవలసింది. వారు మాత్రం జీవనోపాధి వాదాన్ని పరిశ్రమ ముసుగుగా కొట్టిపారేసి, ముసుగుతోపాటు మనిషినీ వదులుకున్నారు.

నిజానికి మూడో చట్రం అందుబాటులోనే ఉంది. భారత్ 2004లో ధ్రువీకరించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని 17వ అధికరణ ప్రత్యామ్నాయ ఉపాధిని, 18వ అధికరణ పొగాకు సాగులో, తయారీలో ఉన్నవారి ఆరోగ్య రక్షణను ప్రస్తావిస్తాయి. ఈ రెండింటినీ కలిపి చదివితే ఆరోగ్యం, ఉపాధి పరస్పర శత్రువులన్న ప్రతిపాదనే నిలవదు. చర్చ మాత్రం ప్రధానంగా 40, 50, 85 అన్న శాతాల చుట్టూనే తిరిగింది. కార్మికురాలికి నష్టమా లాభమా అన్నది సెంటీమీటర్లలో తేలే ప్రశ్న కాదు!

చట్రాల ఫలితం పన్నుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్లపై పరిహార సెస్సు పడింది, బీడీలపై పడలేదు. బీడీ కార్మికుల సంక్షేమానికి 1976 చట్టాల కింద వసూలవుతున్న సెస్సు కూడా అదే ఏడాది రద్దయింది. 2025 సెప్టెంబరులో బీడీలపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని జీఎస్టీ మండలి నిర్ణయించింది. కార్మికురాలిని చూపి సాధించిన సానుభూతి సరుకుకు రాయితీగా మారింది. ఆమె కోసమే ప్రత్యేకించిన నిధికి మూలం ఎండిపోయింది.

తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన బీడీ కార్మికుల జీవన భృతిని ఈ వెలుగులో చదవడం ఆసక్తికరం. ఆ కుటుంబాలకు అది ఆసరా అన్నదాంట్లో సందేహం లేదు. కాని అది వృద్ధులు, వితంతువుల పింఛన్ల వరుసలో చేరింది. ఆమె దగ్గు పేదరికం ఖాతాలోకి వెళ్లిందే తప్ప వృత్తివ్యాధుల జాబితాలోకి ఎక్కలేదు.