పడిన రాయిని మనం లేపవచ్చునా?

లీడ్స్ నుండి రైలులో అరగంట ప్రయాణిస్తే ఇల్క్లీ పట్టణం వస్తుంది. అక్కడి నుండి కొండబయలు మీదికి ఎక్కితే, కాలిదారి పక్కన ‘ట్వెల్వ్ అపాసిల్స్’ అనే రాతి వలయం కనబడుతుంది. బహుశా కాంస్యయుగం నాటిది. మొదట ఇరవై రాళ్ళ వరకు ఉండేవని అంచనా; నేడు మిగిలినవి పన్నెండే కనుక ఏసు పన్నిద్దరు శిష్యుల పేరు అమరింది. వీటిలో పడిపోయిన కొన్నింటిని గత దశాబ్దాలలో ఎవరో సందర్శకులు తిరిగి నిలబెట్టారు. పూర్వులు నిలిపిన రాయి ఏదో, నిన్న మొన్న నిలిపినది ఏదో చూసేవారికి తెలియదు.

ఆ చేతులను సమర్థించే వాదాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. పడిన దానిని లేపడం మనకు పుణ్యకార్యం. జీర్ణోద్ధరణ అనే మాటే అందుకు సాక్ష్యం. కాని ఆ మాటను ఇక్కడ వాడేవారు సంప్రదాయంలో సగమే చెబుతున్నారు. గర్భాలయంలో పని మొదలుపెట్టే ముందు మూలమూర్తి శక్తిని కలశంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి పూజిస్తారు. స్థపతి కొలతలు తీస్తాడు. ఎంత భక్తి ఉన్నా, దారిన పోయేవాడు ఒరిగిన ధ్వజస్తంభాన్ని తానే సరిచేయడు. రచ్చబండ దగ్గర పడుచువాళ్ళు గుండు ఎత్తి బలం చూపడం వేరు, ఇది వేరు.

నిలువురాయి ఊరికే నేల మీద నిలబడదు. దాని కోసం గుంట తవ్వి, రాయిని దించి, చుట్టూ చిన్న రాళ్ళు బిగించి కూరుతారు. ఆ గుంటలో ఆనాటి బొగ్గు, పుప్పొడి, మట్టిపొరలు మిగిలి ఉంటాయి. రాయిని ఎప్పుడు నిలిపారో, అప్పుడు చుట్టూ ఏ చెట్లు ఉండేవో చెప్పగలిగినవి అవే. ఉత్సాహవంతుడు పారతో కొత్త గుంట తవ్వితే పొరలన్నీ కలిసిపోతాయి. రాయి లేస్తుంది, దాని కథ పోతుంది. పైగా సరిగా బిగించని రాయి ఏ పిల్లవాడి మీదనో ఒరగవచ్చు.

పడి ఉండడం కూడా చరిత్రే. ఏవ్‌బరీలో అలెగ్జాండర్ కీలర్ 1938లో నేలలో పాతిపెట్టి ఉన్న ఒక రాయిని వెలికితీయించినప్పుడు, దాని దగ్గర ఒక మనిషి అస్థిపంజరం, కత్తెర, పద్నాలుగవ శతాబ్దపు వెండి నాణేలు దొరికాయి. మధ్యయుగంలో ఆ ఊరివారు రాళ్ళను పూడ్చిన వైనం అలా తేదీతో సహా తెలిసింది. ఎవరో తొందరపడి ముందే దానిని లేపి ఉంటే?

“స్టోన్‌హెంజ్‌లో లేపలేదా?” అని అడుగుతారు. లేపారు. 1797లో కూలిన ట్రైలిథాన్‌ను 1958లో నిలబెట్టారు. అయితే కూలక ముందటి చిత్రాలూ కొలతలూ వారి చేతిలో ఉన్నాయి. తవ్విన ప్రతి అడుగునూ నమోదు చేసే పురావస్తు నిపుణులు పక్కనే ఉన్నారు. కనుక మా అభ్యంతరం లేపడం మీద కాదు, ఆధారమూ లెక్కా లేకుండా లేపడం మీద. బ్రిటన్‌లో 1979 నాటి చట్టం ప్రకారం రక్షిత కట్టడం మీద అనుమతి లేకుండా ఇటువంటి పని చేయడం నేరం కూడా.

ఇది తెలుగునేలకు దూరపు విషయమేమీ కాదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణా తీరాన, సుమారు 80 ఎత్తైన నిలువురాళ్ళు, వేలాది చిన్న రాళ్ళు ఉన్నాయి. 2025లో ఆ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అక్కడి రాళ్ళ వరుసలు సూర్యుని గమనాన్ని సూచిస్తాయని పరిశోధకులు అంటున్నారు. పడిన ఒక రాయిని అభిమానంతో ఒక జానెడు పక్కకు నిలిపితే చాలు, ఆ వాదాన్ని పరీక్షించే దారి మూసుకుపోతుంది. ఆ ఊరివారు ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపు పూస్తారు, మొక్కుతారు. రాయిని మాత్రం కదపరు.

సెలవులకు ముడుమాల్ వెళ్ళే కుటుంబాలైనా, ఈ ఆదివారం ఇల్క్లీ కొండ ఎక్కే కుటుంబాలైనా, పడిన రాయి కనిపిస్తే ఫోటో తీయండి, పిల్లల చేత బొమ్మ గీయించండి, చోటును గుర్తుపెట్టుకొని అక్కడి పురావస్తు అధికారులకు తెలియజేయండి.