హైబర్నేట్ చేసే చాకిరీ

జావాలో ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. డేటాబేసులో ఉండేవి టేబుళ్లు, వరుసలు. 2001లో గావిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్ అనే లైబ్రరీ ఈ రెంటి మధ్యా దుబాసీలా నిలబడింది. నాకు అందులో అన్నిటికంటే నచ్చేది మార్పుల్ని కనిపెట్టే తీరు. ట్రాన్సాక్షన్‌లో తెచ్చుకున్న కస్టమర్ చిరునామా మార్చి ఊరుకుంటే చాలు. తెచ్చినప్పటి విలువలతో పోల్చి చూసుకుని, కమిట్‌కు ముందు అప్‌డేట్ స్టేట్‌మెంట్ అదే రాసి పంపుతుంది. ఎంత శ్రమ తప్పిందో, రిజల్ట్‌సెట్‌లోంచి ఒక్కో విలువా చేత్తో తీసినవాళ్లకే తెలుసు. 2006 నాటి జావా పర్సిస్టెన్స్ ఏపీఐ (జేపీఏ) ప్రమాణం మీదా దీని ముద్ర ఉంది. అయితే వంద ఆర్డర్లు తెచ్చి, ఒక్కోదాని కస్టమర్‌ను లేజీగా, అంటే అవసరం వచ్చినప్పుడే, అడిగితే మరో వంద క్వెరీలు పోవచ్చు. అక్కడ ఆర్డర్లతో పాటే కస్టమర్లనూ ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ ఫెచ్ కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎస్‌క్యూఎల్ లాగ్ తెరిచి, హైబర్నేట్ పంపే ప్రతి క్వెరీనీ చదవండి.